చిట్టి అన్నం తినే వేళ

ముద్ద నోటి దగ్గరికి వెళ్ళేదాకా అంతా సవ్యంగానే నడిచింది. వచ్చి కూర్చోమంటే చిట్టి కూర్చుంది. మెడకి తువ్వాలు కట్టించుకుంది. గిన్నెలోకి ఒకసారి తొంగి కూడా చూసింది. తండ్రి మెత్తగా పిసికిన అన్నంలో ఉడికిన బంగాళాదుంప కలిపి, గోలీకాయంత ముద్ద చేసి ముందుకు చాపాడు. అంతే. పిల్ల పెదాలు రెండూ లోపలికి లాక్కుని పళ్ళ మధ్య బిగించేసింది.

“ఆ... అను తల్లీ. ఆ...”

అనడమే కాదు, తనే నోరు బార్లా తెరిచి చూపించాడు. రెండున్నరేళ్ళ పిల్ల అతని నోట్లోకి శ్రద్ధగా చూసింది. తన నోరు మాత్రం ససేమిరా తెరవలేదు.

కాకి ముద్ద అన్నాడు, పిచ్చుక ముద్ద అన్నాడు. కిటికీలోంచి వీధి దీపాన్ని చూపించి, అది రోజూ బుద్ధిగా తింటుంది కాబట్టే అంతలా వెలుగుతోందన్నాడు. గరిటె నెత్తిన పెట్టుకుని చిందులేశాడు. నలభైకి దగ్గర పడుతున్న మనిషి గరిటెతో ఆడుతుంటే ఎదుటి వాటా ముసలాయన కిటికీలోంచి చూసి నవ్వుకున్నాడు కానీ, నవ్వాల్సిన మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఓపిక లేనివాడైతే ఎప్పుడో చేతులెత్తేసేవాడు. అతను బస్సు డిపోలో సీట్లు కుడతాడు. చిరిగిన సీటు విప్పి, చివికిపోయిన స్పాంజి తీసి, కొత్తది కోసి పరిచి, పైన రెక్సిన్ బిగించి లాగి, దబ్బనంతో అంచులు కుట్టాలి. తొందరపడితే మూలల్లో ముడతలు పడతాయి. ఆ ముడతల దగ్గరే సీటు మళ్ళీ చిరుగుతుంది. అందుకని అతను ఒక్కో కుట్టూ ఆగి ఆగి వేస్తాడు. డిపోలో అందరూ నత్త మేస్త్రీ అంటారు. ఆ పేరు విని అతనూ నవ్వేస్తాడు. అలాంటి మనిషికి కూడా ఈ పిల్ల దగ్గర తల ప్రాణం తోకకి వస్తోంది.

చివరికి ఏడవడానికి నోరు తెరిచిన అదనులో ముద్ద లోపల పెట్టాడు. పిల్ల ఠక్కున ఏడుపు ఆపేసింది. ముద్దని బుగ్గలోకి తోసుకుని కూర్చుంది. నమల్లేదు, మింగలేదు, ఉమ్మనూ లేదు. అతను గిన్నె కడిగి, నేల తుడిచి వచ్చేసరికి చాప మీద ఒరిగి నిద్రపోతోంది. బుగ్గ ఇంకా ఉబ్బెత్తుగానే ఉంది. గొంతుకి అడ్డం పడుతుందేమోనని భయం వేసి, చిటికెన వేలు పెట్టి ఆ ముద్దని మెల్లగా బయటికి తీశాడు. ముద్ద ముద్దలాగే ఉంది. అతని వేళ్ళ గుర్తులు కూడా చెదరలేదు.

“రాత్రి ఎన్ని తింది?” తెల్లారి భార్య అడిగింది.

“ఒకటి.”

“తిందా?”

“నోట్లోకి వెళ్ళింది” అన్నాడు చెప్పులేసుకుంటూ.

ఆస్పత్రి లాండ్రీలో ఆమెకి మధ్యాహ్నం మొదలుపెట్టి రాత్రి దాకా పని. ఆమె వచ్చేసరికి తండ్రీకూతుళ్ళు నిద్రలో ఉంటారు. పొద్దున పిల్ల లేవకముందే అతను డిపోకి వెళ్ళిపోవాలి. చిట్టి పొద్దున అమ్మ చేతి గుడ్డు తింటుందనీ, పాలు తాగి మూతి మీద మీసాలు తెచ్చుకుంటుందనీ అతను వినడమే తప్ప చూసింది లేదు. మధ్యాహ్నం పిల్ల బాధ్యత అక్కది. అక్క అతని కంటే పదిహేనేళ్ళు పెద్ద. తల్లి పోయిన పసివాణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. పక్క వాటాలోనే ఉంటుంది. సాయంత్రం అతను రాగానే పిల్లని ఒప్పజెప్పి, హాస్టల్లో వంట చెయ్యడానికి వెళ్ళిపోతుంది. రాత్రన్నం అతని వంతు. మూడు పూటల్లో పిల్ల తిననిది ఆ ఒక్క పూటే. అతనికి సెలవున్న రోజు మాత్రం పగలు కూడా సరిగ్గా తినదు. నాన్న ఇంట్లో ఉన్నాడన్న సంబరంలో ఆకలి మర్చిపోతుందని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు.

ఆ వారం సెలవు రోజున ముగ్గురూ కలిసి పిల్లని క్లినిక్కి తీసుకెళ్ళారు. బరువు తూచే తొట్టిలో కూర్చోబెడితే చిట్టి అంచులు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ చూసింది. నర్సు ముల్లు ఆగేదాకా చూసి పెదవి విరిచింది.

“మళ్ళీ తగ్గిందండీ. ఇలాగే ఉంటే వచ్చే నెల ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టాల్సి వస్తుంది. రాత్రి పూట ఎవరు పెడుతున్నారు?”

ఆడవాళ్ళిద్దరూ అతని వైపు చూశారు. అతను తన చేతుల వైపు చూసుకున్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో అక్క మొదలుపెట్టింది. గొంతు తగ్గించే అలవాటు ఆమెకి లేదు.

“ఒరేయ్ తమ్ముడూ, నా దగ్గర గుటుకూ గుటుకూ మింగుతుంది. పొద్దున వాళ్ళమ్మ దగ్గర తింటుంది. రాత్రే ఎందుకు తినదు? పొద్దుగూకితే పిల్లలు తల్లిని వెతుక్కుంటారురా. ఇది చదువుకుంటే గానీ తెలియదా? మొగాడు ముద్దలు పెడితే ఏ పిల్ల తింటుంది?”

“నీ దగ్గర ఎలా తింటుందో ఆ కిటుకేదో నాకూ చెప్పక్కా.”

“కిటుకూ లేదు కాకరకాయా లేదు. చెయ్యి అలాంటిది.”

పిల్లని భుజాన వేసుకుని ముందు నడుస్తున్న భార్య వెనక్కి తిరగలేదు. నడక మాత్రం కొంచెం వేగం చేసింది.

మర్నాడు పొద్దున అతను ఆ మాట ఎత్తాడు. చిట్టి ఇంకా నిద్ర లేవలేదు. భార్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది. మడత మడతకీ అరచేత్తో సాపు చేసి, అంచుకి అంచు కలిపి చూసుకుంటుంది. లాండ్రీ నుంచి వచ్చిన అలవాటు అది.

“కొన్నాళ్ళు పని మానేస్తే?” అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. “వదిన అంటున్నారా, మీరు అంటున్నారా?”

“పిల్ల ఎండిపోతోంది కదా.”

“కనబడుతోంది.” ఇంకో చొక్కా తీసుకుంది. “రెండేళ్ళు తడి పనిలో నానానండీ. రక్తం మరకల దుప్పట్లు, ఆ మందు నీళ్ళు. గోళ్ళు ఊడిపోయాయి, మీరే చూశారు. మొన్న మొన్ననే పొడి పనిలోకి వేశారు. ఇస్త్రీ, మడత. డ్యూటీ అంతా నిలబడాలి, అయినా పొడిగా ఉంటాను. ఇంటికి వస్తే చేతులు మంట పుట్టకుండా నిద్ర పడుతోంది.”

అతను చెప్పుల కోసం గుమ్మం వైపు నడిచాడు.

“మీరు చెప్పండి” అంది ఆమె. “మానెయ్యమంటే మానేస్తాను. ఆ మాట మీ నోటితో అనండి.”

“మానెయ్” అన్నాడు, నేల చూపులు చూస్తూ.

ఆమె చొక్కా మడిచి దొంతర మీద పెట్టింది. “ఈ వారంలో సూపర్‌వైజరమ్మకి చెప్తాను” అంది. అంతకంటే రాద్ధాంతం చెయ్యలేదు. అరిచి గొడవ పెట్టుకుని ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ సాయంత్రం అతను మెట్లెక్కి వచ్చి ఎప్పటిలాగే తలుపు కొట్టాడు. టక్. టక్ టక్. ముందొకటి, ఆగి రెండు. చిట్టి నడక నేర్చిన కొత్తల్లో అతనే కనిపెట్టిన చప్పుడది, నాన్న వచ్చాడని పిల్లకి తెలియాలని. ఆ చప్పుడు వినగానే చిట్టి పరుగెత్తి నీళ్ళ డ్రమ్ము వెనక దాక్కుంటుంది. తనతో ఆడుకోవడానికే దాక్కుంటుందని అతని మురిపెం. డిపోలో ఈ సంగతి చెప్పుకోని రోజు లేదు.

“దొంగ ఎక్కడ? దొంగ ఎక్కడమ్మా?” అంటూ గదంతా వెతికినట్టు నటించి, డ్రమ్ము వెనక చెయ్యి పెట్టి లాగి, “దొరికింది దొంగ!” అని పైకెత్తాడు. పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. అక్క అప్పటికే చెప్పులేసుకుని బయల్దేరింది.

ఆ పూట అతను చిందులెయ్యలేదు. నర్సు మాట, భార్య మాట రెండూ బుర్రలో తిరుగుతున్నాయి. పిల్లని ఒళ్ళో అడ్డంగా కూర్చోబెట్టుకుని, బొటనవేలూ చూపుడువేలుతో రెండు బుగ్గలూ పట్టుకుని నొక్కాడు. రెక్సిన్ అంచుని అలాగే పడతాడు, జారిపోకుండా. నోరు తెరుచుకుంది. ముద్ద పెట్టి, మింగేదాకా ఆ పట్టు వదల్లేదు. గుటుక్కుమంది. రెండో ముద్దకి నొక్కాల్సిన పని రాలేదు. పిల్ల తనే నోరు తెరిచింది. కళ్ళు మాత్రం అతని చేతిని వదల్లేదు. అలా నాలుగు ముద్దలు తింది.

హమ్మయ్య అనుకుని అతను గిన్నె కింద పెట్టాడో లేదో, తిన్నదంతా కక్కేసింది. అతని చొక్కా మీద, తువ్వాలు మీద, చాప మీద. కక్కుతూ కూడా ఏడవలేదు. అన్నీ కడిగి, పిల్లకి గౌను మార్చి పడుకోబెట్టాడు. రెండు బుగ్గల మీదా ఎర్రగా తన వేళ్ళు కనిపిస్తుంటే దీపం ఆర్పేశాడు. పొద్దున భార్య అడిగితే, “నాలుగు తింది” అన్నాడు. అది అబద్ధం కాదు. కక్కిన సంగతి చెప్పడానికి మాత్రం అతనికి నోరు రాలేదు.

ఆ రోజు డిపోకి రెక్సిన్ లారీ రాలేదు. విప్పిన సీట్లు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి, తొడగడానికి తోలు లేదు. మధ్యాహ్నం దాకా చూసి ఫోర్మన్ చేతులు దులుపుకున్నాడు.

“నత్తన్నా, ఇవాళ నీకు పండగే. ఇంటికెళ్ళి కూతురితో ఆడుకో.”

అతనికి నిజంగానే సంబరమైంది. అక్క పిల్లకి అన్నం పెట్టే వేళకి ఇల్లు చేరొచ్చు. కిటుకూ కాకరకాయా లేదన్న అక్క ఏం చేస్తుందో పక్కన కూర్చుని చూసి నేర్చుకోవచ్చు. తనకది పట్టుబడితే భార్య మానెయ్యక్కర్లేదు. ఆ ఆలోచన వచ్చేసరికి దాదాపు పరుగెత్తాడు. తినే పిల్ల తన అలికిడికి ఎక్కడ ఆపేస్తుందోనని, చివరి అంతస్తు మెట్లు చెప్పులు చేతిలో పట్టుకుని ఎక్కాడు.

తలుపు మూసి ఉంది. లోపల అక్క గొంతు.

“తింటావా, తలుపు తియ్యమంటావా?”

తర్వాత చప్పుడు వినిపించింది. టక్. టక్ టక్.

అతను తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. అందులో చెప్పులున్నాయి.

“అదిగో, వచ్చేశాడు! నాన్న వచ్చేశాడు! అన్నం తినని పిల్లల్ని నాన్న ఏం చేస్తాడూ?”

“మూతి...” చిట్టి గొంతు సన్నగా వినిపించింది.

“ఆ, మూతిని?”

“దబ్బనంతో కుట్టేత్తాడు.”

“కుట్టేసి?”

“బచ్చు చీట్లో పెట్టేత్తాడు.”

“మరి తొందరగా తినెయ్. నువ్వు తినేస్తే నేను పొమ్మని చెప్పేస్తాగా.”

తర్వాత అంతా గబగబా నమిలి మింగుతున్న చప్పుడే. పిల్ల ఊపిరి కూడా సరిగ్గా తీసుకోవడం లేదు.

రోజూ రాత్రి పెదాలు రెండూ లోపలికి ఎందుకు లాక్కుంటోందో అప్పుడర్థమైంది అతనికి. కుట్టడానికి దొరక్కుండా దాచుకుంటోంది. దబ్బనం పట్టే చెయ్యే ముద్ద పట్టుకుని మూతి దగ్గరికి వస్తుంటే ఇంకేం చేస్తుంది? నిన్న రాత్రి ఆ చెయ్యి బుగ్గలు పట్టుకుంది కూడా.

తలుపు తోశాడు. అక్క పీట మీద కూర్చుని ఉంది, చేతిలో గరిటె. ఆ గరిటెతోనే పక్కనున్న చెక్కపెట్టెని కొట్టినట్టుంది. చిట్టి అతన్ని చూసింది. నోట్లో ఉన్నదంతా ఒక్క గుటకలో మింగి, పెదాలు లోపలికి లాక్కుని, డ్రమ్ము వెనక్కి పరుగెత్తింది.

అక్క పకపకా నవ్వింది. “చూశావా? నీ పేరు చెప్తే చాలు, గిన్నె ఖాళీ. ఇంత పెందలాడే వచ్చావేంట్రా?”

“ఎన్నాళ్ళ నుంచి చెప్తున్నావక్కా ఇలా?”

“ఎలా?”

ఆమె నిజంగానే అర్థం కాక అడిగింది. అతను చెప్పులు కింద పడేసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

“నేను దాని మూతి కుడతానని.”

“ఓస్, ఇదా!” అక్క గరిటె గిన్నెలో పెట్టింది. “పిల్లలకి ఎవరో ఒకరి భయం ఉండాలి కదరా. బూచాడంటే భయపడదు, వాడు ఎప్పుడూ రాడు కదా. పోలీసంటే నవ్వుతుంది. నువ్వయితే రోజూ వస్తావు.”

“అందుకే నా దగ్గర తినడం లేదు. నన్ను చూస్తే దానికి హడలు.”

“ఊరుకోరా. నిన్నెలా పెంచాననుకున్నావు? నాన్న పేరు చెప్పే పెంచాను. ఇప్పుడు నువ్వు బాగా లేవూ?”

“నాన్న కొట్టేవాడు కాబట్టి భయపడేవాణ్ణి.”

అక్క అతని వైపు వింతగా చూసింది. “నాన్నా? ఎవర్ని కొట్టాడు? నిన్ను ఎప్పుడు కొట్టాడో ఒక్కసారి చెప్పు.”

చెప్పబోయి ఆగిపోయాడు. మేకుకి వేలాడే బెల్టు గుర్తుంది. గుమ్మం దగ్గర దగ్గు గుర్తుంది. మంచం కింద దూరి తను బిగబట్టుకున్న ఊపిరి గుర్తుంది. ఆ తర్వాత దెబ్బ పడాలి. ఎంత తవ్వుకున్నా దెబ్బ దొరకలేదు. తండ్రి పోయేదాకా ఆయన పక్కన కూర్చుని ఒక పూట అన్నం తిన్న గుర్తు కూడా లేదు.

“ఆయనకి తెలుసా?” అన్నాడు చివరికి.

“ఒకసారి విన్నాడు. నాతో ఏమీ అనలేదు.” అక్క గొంతు మొదటిసారి తగ్గింది. “అప్పట్నుంచి నువ్వు తినేదాకా లోపలికొచ్చేవాడు కాదు. బయట మెట్ల మీద కూర్చునేవాడు. నేను గిన్నె కడుగుతున్న చప్పుడు విని లేచి వచ్చేవాడు. నేనేం చెయ్యనురా? తల్లి లేని పసివాడివి, ఏం పెట్టినా ఉమ్మేసేవాడివి. బతకవన్నారందరూ. నేనెంత దాన్ని అప్పటికి? ఎవరు నేర్పారు నాకు? ఏది చెప్తే నోరు తెరిచావో అదే చెప్పాను.”

అతనికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎదురుగా పీట మీద కూర్చున్న ఈ నెరిసిన జుట్టు మనిషి లేకపోతే తను లేడు. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

“ఇక అననులే” అంది అక్క, కళ్ళొత్తుకుంటూ. “అనకపోతే తినదు, చూసుకో మరి.”

సాయంత్రం ఆమె వంటకి వెళ్ళిపోయింది. భార్య వచ్చాక చెప్పాలనుకున్నాడతను. ఈ వారంలో అంది కదా, ఇంకా టైముంది. నిదానంగా కూర్చోబెట్టి, అక్క మీద కోపం రాకుండా మొదటి నుంచి చెప్పాలి. ఆ మాటలే మనసులో పేర్చుకుంటూ అన్నం వండాడు.

చిట్టి డ్రమ్ము వెనక నుంచి రాలేదు. పిలిస్తే పలకలేదు. గిన్నె పట్టుకుని దగ్గరికి వెళ్తే గోడకి అతుక్కుపోయింది. చేతులు రెండూ చాపి, “చూడు తల్లీ, ఏం లేదు, దబ్బనం లేదు” అన్నాడు. దబ్బనం అన్న మాట వినేసరికి పిల్ల రెండు చేతులతో మూతి కప్పుకుంది.

అతను గిన్నెని డ్రమ్ము పక్కన నేల మీద పెట్టాడు. తలుపు దగ్గరగా వేసి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కింది వాటాలో ఎవరో బట్టలు బాదుతున్నారు. తర్వాత లోపల గిన్నె నేల మీద జరిగింది. అతను ఊపిరి బిగపట్టాడు. చిన్న చెయ్యి అన్నం కెలుకుతోంది. నములుతోంది. నిదానంగా, తన పాటికి తను, మధ్యలో ఏదో కూనిరాగం తీస్తూ తింటోంది. ఆ పిల్ల అన్నం తింటూ పాట పాడుతుందని అతనికి తెలియదు.

మెట్ల మలుపులో అడుగుల చప్పుడైంది. భార్య. ఇంకా చీకటి కూడా పడలేదు. ఒంటి మీద లాండ్రీ ఏప్రన్ లేదు.

“ఇక్కడ కూర్చున్నారేంటి?”

అతను పెదాల మీద వేలు పెట్టి తలుపు సందు చూపించాడు. ఆమె వంగి చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“తింటోందండీ! తనంత తనే!” గుసగుసగా అంది. పక్కనే కూర్చుంది. “వదిన మాట నిజమే అయింది. నేనొచ్చేస్తున్నానని దానికెలా తెలిసిందో చూడండి. ఇవాళే చెప్పేశానండీ. రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటే మనసు మారుతుందని భయమేసింది. ఏప్రన్, పెట్టె తాళం చెవి అక్కడే తీసేసుకున్నారు. పొడి పనికి ఎంతమంది కాచుకుని ఉన్నారో! నేను గేటు దాటకముందే నా బల్ల దగ్గర ఇంకో అమ్మాయి నిలబడింది.” నవ్వబోయింది. “పోనీలెండి. ఇది తింటోంది, చాలు.”

అతను పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

“నీకోసం కాదు” అన్నాడు. “నేను బయట ఉన్నాను కాబట్టి తింటోంది.”

అంతా చెప్పాడు. అక్క గరిటె చప్పుడు, దబ్బనం, మూతి కుట్టడం. నిన్న రాత్రి తను బుగ్గలు నొక్కింది, పిల్ల కక్కింది కూడా చెప్పేశాడు. ఆమె చీర చెంగుని మోకాలి మీద పరిచి, అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది.

“మీకెప్పుడు తెలిసింది?”

“మధ్యాహ్నం.”

“మధ్యాహ్నమా?” చెయ్యి ఆగింది. “నేను సాయంత్రం దాకా అక్కడే ఉన్నానండీ. రెండు వీధుల అవతలేగా. వచ్చి గేటు దగ్గర ఒక్క కేక వేస్తే సరిపోయేది.”

“నిదానంగా చెబుదామనుకున్నాను” అన్నాడతను. ఆ మాట తనకే సిగ్గుగా వినిపించింది.

ఆమె లేచి నిలబడింది. లోపల గిన్నె చప్పుడు ఆగిపోయింది. గొంతులు వినబడి ఉంటాయి.

“అమ్మా?”

“నేనేరా.”

“నాన్న పోయాడా?”

ఆమె తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి మెట్ల మీద కూర్చున్న భర్త వైపు చూసింది. అతను కాళ్ళు దగ్గరికి లాక్కుని, తలుపు తీస్తే కనబడకుండా గోడ వారకి జరిగాడు.

“పోయాడమ్మా” అంది ఆమె. “నువ్వు తిను.”

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అతనికి దగ్గు వచ్చింది. మోచేతిలో ముఖం దాచుకుని చప్పుడు కాకుండా దగ్గుకున్నాడు. లోపల మళ్ళీ గిన్నె చప్పుడు మొదలైంది.